సింగిల్ వైన్‌యార్డ్ పినో న్వార్‌కి అంత ధర పెట్టాలా? తాగితే తేడా తెలుస్తుందా, తయారీలో ఏమైనా వేరుగా చేస్తారా?

పినో న్వార్ అంటే ఒక నల్ల ద్రాక్ష రకం, దాంతో చేసే ఎర్ర వైన్ కూడా అదే పేరు. సింగిల్ వైన్‌యార్డ్ అంటే ఒకే తోట ద్రాక్షతో చేసింది. తేడా తెలుస్తుంది, కానీ ఒక్క సీసా కొని తాగితే తెలియదు. ఒకే వైనరీ, ఒకే సంవత్సరం, తోటలు మాత్రం వేరు. అలాంటి రెండు సీసాలు పక్కపక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

నేను ఉండేది ఆరెగన్‌లోని హిల్స్‌బరోలో. ఇంటెల్ పుణ్యమా అని ఇక్కడ మనవాళ్లకు కొదవ లేదు. ఊరు దాటితే విలామెట్ లోయ ద్రాక్షతోటలు మొదలవుతాయి. సెప్టెంబర్, అక్టోబర్ కోతల్లో ఒక చిన్న వైనరీలో శనాదివారాలు పని చేస్తుంటాను. అందుకే ఈ లోయ గురించే చెప్తాను, పినోకి పేరుమోసిన ఫ్రాన్స్‌లోని బర్గండీ జోలికి పోను.

ముందు లేబుల్ సంగతి. అమెరికాలో సీసా మీద తోట పేరు వేయాలంటే ద్రాక్షలో కనీసం 95 శాతం ఆ తోటలోదే అయ్యుండాలి. ఆ నియమం చెప్పేది అంతే. నాణ్యత గురించి ఒక్క ముక్క కూడా లేదు. నాసిరకం తోట పేరు కూడా దర్జాగా వేసుకోవచ్చు.

ఇక పినోనే ఎందుకు ఇలా తోటల వారీగా చేస్తారంటే, దాని తొక్క పల్చన. రంగూ తక్కువే, వగరూ తక్కువే. కేబర్నే లాంటి రకాల్లో వగరు ముందుకొచ్చి మిగతా చాలా విషయాలను కప్పేస్తుంది. పినోలో ఆ ముసుగు లేదు. ఎండ ఎక్కువైనా, వారం ఆలస్యంగా కోసినా గ్లాసులో బయటపడిపోతుంది.

మా లోయలో డండీ కొండల మీద జోరీ అనే ఎర్రమట్టి ఉంటుంది. లావా రాయి శిథిలమై ఏర్పడిన మట్టి అది. చూడ్డానికి అచ్చం తెలంగాణ చెలకలాగే ఉంటుంది. పక్కనున్న రిబ్బన్ రిడ్జ్‌లో మాత్రం ఒకప్పటి సముద్రపు అడుగు మట్టి. దక్షిణాన ఎయోలా-ఆమిటీ కొండలకు సాయంత్రమయ్యేసరికి వాన్ డ్యూజర్ కనుమలోంచి పసిఫిక్ చల్లగాలి కొడుతుంది. సాధారణంగా డండీ పినోలో చెర్రీ, రాస్ప్‌బెర్రీ లాంటి ఎర్రపండ్ల వాసన, మెత్తదనం ఉంటాయి. సముద్రపు మట్టి తోటల్లో నల్లపండ్ల ఛాయ, కాస్త ఎక్కువ వగరు. గాలి తగిలే కొండల్లో పులుపు నిలబడుతుంది. ఇవన్నీ మొగ్గులే తప్ప సూత్రాలు కావు. మట్టి రుచి నేరుగా గ్లాసులోకి వస్తుందనే మాట నేను నమ్మను. ఆ మట్టి నీళ్లు ఎంత పట్టి ఉంచింది, కాయ ఎప్పుడు పండింది, తీగ వయసెంత, అది పినోలో ఏ ఉపరకం (పొమ్మార్డ్ క్లోనా, డిజాన్ క్లోనా), వీటన్నిటి మొత్తమే మనకు తగిలే తేడా.

తయారీ విషయానికొస్తే, వేరుగా ఏమీ చేయకపోవడమే అసలు పని. ప్రతి తోటకీ ఒకే పద్ధతి పాటిస్తేనే తోట మాట్లాడుతుంది. కాయ 23, 24 బ్రిక్స్ దగ్గరికి వచ్చాక చేత్తో కోస్తారు. బ్రిక్స్ అంటే వంద గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే లెక్క. బల్ల మీద ఆకులు, కుళ్లిన కాయలు ఏరేసి, కాడలు తీసి పెద్ద తొట్లలో పోస్తారు. కొందరు కొన్ని గుత్తులను కాడలతోనే వేస్తారు, దానివల్ల మసాలా ఘాటు వస్తుంది. మూడు నాలుగు రోజులు చల్లగా నానబెట్టాక ఈస్ట్ అందుకుని పులియడం మొదలవుతుంది. అప్పటినుంచి తొక్కలన్నీ పైకి తేలి గట్టి గడ్డలా కడతాయి. రోజుకు రెండు మూడుసార్లు వాటిని కిందకి నొక్కాలి. నడుం విరిగే పని అదే. నొక్కేటప్పుడు తొట్టిలోకి తల వంచకూడదు. పైన కార్బన్ డయాక్సైడ్ నిలిచి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత పిప్పిని పిండి, రసాన్ని 228 లీటర్ల ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో ఏడాది అటూఇటూగా ఉంచుతారు. కొత్త పీపాలు మరీ ఎక్కువైతే ఓక్ వాసనే మిగులుతుంది, తోట పేరు లేబుల్‌కే పరిమితం. ఖరీదైన సీసాల్లో కూడా ఈ జబ్బు చూశాను.

సీసాల్లో నింపే ముందు పీపా పీపా రుచి చూస్తారు. ఏది సొంత పేరుతో నిలబడుతుంది, ఏది పలు తోటల వైన్లు కలిపే మిశ్రమంలోకి పోవాలి అని అక్కడే తేలుతుంది. మిశ్రమంలో ఒక తోట లోటును ఇంకో తోట పూడ్చుతుంది, ఒకే తోట వైన్‌కి ఆ వెసులుబాటు లేదు. 2020 సెప్టెంబర్ కార్చిచ్చుల్లో ఈ లోయంతా పొగ కమ్మింది. పొగ పదార్థాలు కాయలోని చక్కెరతో ముడిపడిపోయి రసంలో దొరకవు, పులిశాకా తాగేటప్పుడూ బయటికొస్తాయి. ఆ ఏడు చాలా వైనరీలు ఎర్ర పినో మానేసి రోజే అనే గులాబీ రంగు వైన్ చేసుకున్నాయి.

ధరకు కారణం కూడా ఇందులోనే ఉంది. ఒక పీపాకి సుమారు 300 సీసాలు వస్తాయి. అలా ఎంపికైన పీపాలే కొన్ని. ఇక్కడి పినోకి అంత విలువ రావడానికి పునాది కూడా ఒక తోటలోని ఒక చెక్కే. 1965లో డేవిడ్ లెట్ ఈ లోయలో పినో నాటాడు. ఆయన తోటలో సౌత్ బ్లాక్ అనే చెక్క నుంచి వచ్చిన 1975 వైన్ 1979లో పారిస్ పోటీలో బర్గండీ వైన్ల మధ్య మొదటి పదిలో నిలిచింది. నమ్మకం కుదరక బర్గండీ వైన్ వ్యాపారి రొబేర్ డ్రూయెన్ 1980లో మళ్లీ పోటీ పెడితే, ఈసారి రెండో స్థానం వచ్చింది. 1987లో ఆ డ్రూయెన్ కుటుంబమే వచ్చి డండీలో భూమి కొనుక్కుంది.

రుచి చూడాలంటే సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, 15 డిగ్రీల దగ్గర బాగుంటుంది. పొట్ట పెద్దగా ఉన్న గ్లాసులు తీసుకోండి. ఏది ఏ తోటదో తెలియకుండా వేరేవాళ్లతో పోయించుకోండి, పేరు కనబడితే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. తాగకముందు వాసన చూడండి, గంట తర్వాత మళ్లీ చూడండి. పక్కన పుట్టగొడుగులో, తక్కువ కారంతో కాల్చిన చికెనో చాలు. ఆవకాయ, గోంగూర మటన్ ఆరోజుకి వద్దు. కారానికి ఆల్కహాల్ తోడైతే నోరు మండటం తప్ప ఇంకేమీ తెలియదు.

మొదటిసారి కొనేవాళ్లయితే 'విలామెట్ వ్యాలీ' అని మాత్రమే రాసిన మిశ్రమం తీసుకోండి. అది నచ్చితే అదే వైనరీకి వెళ్లి, ఒకే ఏడాదివి రెండు మూడు తోటల వైన్లు వరసగా పోయమని అడగండి. టేస్టింగ్ రూముల్లో ఇది మామూలే. మూడూ ఒకేలా అనిపిస్తే మిశ్రమమే కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది.