‘కలోస్’ అంటే సుందరమా, శ్రేష్ఠమా?

సందేహం: గ్రీకు తత్త్వశాస్త్రం గురించి తెలుగులో రాసేవారు ‘కలోస్’ అనే మాటకు ఒకచోట ‘సుందరం’ అనీ, మరోచోట ‘శ్రేష్ఠం’, ‘మంచి’ అనీ రాస్తున్నారు. ఏది సరైనది? గ్రీకులు మంచికీ అందానికీ భేదం పాటించలేదా?

సమాధానం: పాటించారు. మంచిని చెప్పడానికి వారికి ‘అగథోస్’ అనే వేరే మాట ఉంది. అయితే ‘కలోస్’ పరిధి మన ‘సుందరం’ కన్నా పెద్దది. రూపంలోని అందానికీ, నడతలోని మెచ్చదగిన గుణానికీ, పనికి అమరిన తీరుకూ అదే మాట చెల్లుతుంది.

ప్లేటో పేర వచ్చిన ‘హిప్పియాస్ మేజర్’ సంభాషణ చూడండి. కలోస్ అంటే ఏమిటని సోక్రటీసు అడిగితే, డబ్బు తీసుకుని విద్య చెప్పే పండితుడు హిప్పియాస్ మొదట అందమైన కన్య అంటాడు, తరువాత బంగారం అంటాడు. అలాగైతే కుండలో ఉడుకుతున్న పప్పును కలపడానికి బంగారు తెడ్డు తగునా, అంజూరపు కొయ్య తెడ్డు తగునా అని సోక్రటీసు అడుగుతాడు. కొయ్య తెడ్డు పప్పుకు మంచి వాసననిస్తుంది. కుండను పగలగొట్టి, పప్పు ఒలికించి, పొయ్యి ఆర్పదు. కనుక అక్కడ బంగారం కన్నా కొయ్యే కలోస్. ‘సుందరమైన తెడ్డు’ అంటే ఈ వాదం తెలుగులో నిలవదు. ‘చక్కని’ అంటే నిలుస్తుంది, ఎందుకంటే చక్కని పిల్ల, చక్కని నడవడి, పని చక్కబెట్టడం అనే వాడుకల్లో అందమూ, యోగ్యతా, అమరికా మూడూ మనకు ఒకే మాటలో వినిపిస్తాయి. అదే సంభాషణలో కలోస్ మంచికి కారణమని ఒక నిర్వచనం వస్తుంది. కారణం వేరు, కార్యం వేరు కాబట్టి చక్కనిది మంచిది కాదనీ, మంచిది చక్కనిది కాదనీ ఒప్పుకోవలసి వస్తుంది. అది ఇద్దరికీ ఏమాత్రం నచ్చదు. రెంటినీ వేరుగా ఎంచుతూనే విడదీయడానికి వారెంత ఇష్టపడలేదో అక్కడ తెలుస్తుంది.

ప్లేటో మరో సంభాషణ ‘సింపోజియం’లో, సోక్రటీసుకు ప్రేమతత్త్వం బోధించిన స్త్రీగా వచ్చే డియోటిమా చెప్పే మెట్ల వరుస ఒక దేహపు అందంతో మొదలై, ఆత్మలు, ఆచారాలు, శాసనాలు, విద్యల మీదుగా కేవల సౌందర్యం దాకా వెళుతుంది. అక్కడ ‘సౌందర్యం’ వాడవచ్చు గాని మొదటి మెట్టు నుంచి చివరి దాకా ఆ ఒక్క మాటే ఉండాలి. మధ్యలో ‘శ్రేష్ఠం’ అని మారిస్తే ఆరోహణ తెగిపోతుంది. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో మాత్రం వీరుడు ‘కలోన్’ (‘కలోస్’కే నపుంసక రూపం) కోసం మృత్యువుకు ఎదురు నిలుస్తాడన్న చోట ‘సౌందర్యం కోసం’ అంటే అర్థం పూర్తిగా చెడుతుంది. ‘ఉదాత్తమైనది కనుక’ అనాలి. సంస్కృత ‘కల్యాణ’ శబ్దం ‘కలోస్’కు బంధువని కొందరు భాషావేత్తలు తలచారు. అయినా నేటి తెలుగు పాఠకుడికి దానితో పెళ్ళే స్ఫురిస్తుంది గనుక దానిని వాడకపోవడమే మేలు.

‘కలోస్’, ‘అగథోస్’ రెండూ కలిసిన ‘కలోస్ కాగథోస్’ను ‘అందమైన మంచివాడు’ అని విడగొట్టి రాయడం తప్పు. ఏథెన్సు వ్యవహారంలో అది కులీనుడైన గౌరవనీయుణ్ణి చెప్పే మాట. మన ‘పెద్దమనిషి’లోనూ హోదా, మర్యాద రెండూ ఉన్నాయి కనుక అక్కడ అది అతుకుతుంది. కానీ అరిస్టాటిల్ ‘యుడీమియన్ ఎథిక్స్’ చివర, సంపద, పదవుల వంటి లాభాల కోసం సద్గుణం ఉండాలనుకునే స్పార్టా వారు మంచివారే గాని ఈ గుణం వారికి లేదంటాడు. సద్గుణాన్ని సద్గుణం కోసమే కోరడం ఇక్కడ అసలు విషయం కాబట్టి ‘పెద్దమనిషితనం’ చాలదు, ‘ఉదాత్త శీలం’ అని రాయాలి.