పులుపు పడుతుందా అని ముందు అడుగు

చి. సౌ. శిరీషకు,

మావయ్య దీవించి రాయునది. ఉభయకుశలోపరి.

కొత్తింటికి అన్నీ స్టీలు గిన్నెలే కొనాలా, లేక వీడియోల్లో చెబుతున్నట్టు రాగి, ఇత్తడికి మారిపోవాలా అని అడిగావు. గిన్నెల కొట్లో కూర్చునే తల నెరిసినవాణ్ని, నా మాట విను. రెండూ వద్దు. మన వంటలో సగం చింతపండే కాబట్టి, ఏ గిన్నె చేతిలోకి తీసుకున్నా ఇందులో పులుపు పడుతుందా అని ముందు ఆలోచించు. సగం లిస్టు అక్కడే తేలిపోతుంది.

రాగికీ పులుపుకీ పడదు. రాగి, జింకు కలిస్తే ఇత్తడి, కనుక దానికీ పడదు. కళాయి లేని గిన్నెలో చారో మజ్జిగో ఉంచితే రాగి అందులోకి దిగుతుంది. రుచి చెడుతుంది, కడుపులో తిప్పుతుంది. రాగి చెంబులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగితే తప్పు లేదు. నిమ్మకాయ మాత్రం అందులో పిండకు.

మీ అమ్మ ఇస్తానంటున్న ఇత్తడి గిన్నెలు తీసుకో, కానీ కళాయి వేయించాకే. కళాయి అంటే లోపలి తగరం పూత. గిన్నెను బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరం ముక్క తాకిస్తారు. అది ఇట్టే కరుగుతుంది. దూదితో గబగబా తిప్పేసరికి లోపలంతా తెల్లగా మెరుస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది గనక ఆ గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకు, తాలింపు అందులో వేయకు, స్టీలు పీచుతో తోమకు. లోపల పసుపు మచ్చ కనబడితే మళ్ళీ కళాయి వేయించాల్సిందే. చౌకగా అవుతుందని తగరంలో సీసం కలిపేవాళ్ళున్నారు. సీసం విషం. అందుకే మన ఊళ్ళో తెలిసినవాడితోనే వేయించి పంపమని మీ అమ్మకు నేను చెబుతాలే.

రోజువారీకి స్టీలే హాయి. ఇనుములో క్రోమియం కలపడం వల్ల పైన కంటికి కనబడని పొర ఏర్పడి తుప్పునూ పులుపునూ ఆపుతుంది. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. చౌకరకం 202లో నికెల్ తగ్గించి మాంగనీసు వేస్తారు. పులుసు గిన్నెకు 304 అడుగు, పప్పుల డబ్బాలకు 202 చాలు. స్టీలుతో చిక్కల్లా వేడి పాకకపోవడమే. ఈ విషయంలో రాగిలో ఇరవయ్యో వంతు కూడా కాదు. అందుకే మంట తగిలిన చోటే పాలు అడుగంటుతాయి. అడుగు మందంగా ఉన్నదే కొను. ఇంకో మాట, నీళ్ళు మరిగాకే ఉప్పు వెయ్యి. చల్లటి నీళ్ళలో వేస్తే కరగని గింజలు అడుగున కూర్చుని సన్నటి గుంటలు పెడతాయి.

వేపుడుకీ దోసెకీ ఇనుమును మించింది లేదు. నా పక్షపాతమే అనుకో! కొత్త పెనాన్ని కడిగి, తడి ఆరేలా వేడిచేసి, నూనె పల్చగా రాసి పొగ వచ్చేదాకా కాల్చు. చల్లారాక మళ్ళీ రాయి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లటి పొరలా అతుక్కుంటుంది, దోసె చక్కగా ఊడివస్తుంది. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవుతుంది, ఖాళీ పెనం ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఇనుప మూకుట్లో వంకాయ నల్లబడితే కంగారుపడకు, వేగగానే వేరే గిన్నెలోకి తీసెయ్యి. పులుసు మాత్రం అందులో కాచకు, పొర ఊడిపోతుంది.

సత్తు గిన్నెలంటే, అదే అల్యూమినియం గిన్నెలంటే, అంత టెన్షన్ అక్కర్లేదు. అన్నం, పప్పు నిక్షేపంగా వండుకో. పులుసు, పెరుగు రాత్రంతా వాటిలో ఉంచకపోతే చాలు. కుక్కరు లోపల నల్లబడకుండా అడుగునీళ్ళలో చిన్న చింతపండు రెబ్బ వెయ్యి. ఇక ఆవకాయకు జాడీయే, దానికి చర్చ లేదు.

పులుసు మీద అంత ఇష్టం ఉంటే ఒక రాచిప్ప కొనుక్కో. రాయికి పులుపుతో పేచీ లేదు. నిదానంగా వేడెక్కుతుంది, పొయ్యి కట్టేశాక కూడా పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది, కాబట్టి కాస్త ముందే ఆపు. వేడి చిప్పలో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది, జాగ్రత్త.

ఫ్లాట్లో ఇండక్షన్ స్టవ్ ఉందన్నావు. దాని మీద రాగి, ఇత్తడి, సత్తు, రాయి ఏవీ వేడెక్కవు. కొట్టుకెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ పట్టుకెళ్ళు. గిన్నె అడుగుకు గట్టిగా అతుక్కుంటేనే తీసుకో. గిన్నె పక్కలకు పెట్టి చూపించి, అతుక్కోలేదు కాబట్టి ఇది 304 అని కొట్టువాడు అంటే నమ్మకు, 202 కూడా అతుక్కోదు. పక్కన ఒక్క గ్యాస్ పొయ్యి అయినా పెట్టించుకోమని మీ ఆయనకు చెప్పు. లిస్టు సరిచేసి పంపితే ధరలు నేను కనుక్కుంటాను.

ఇట్లు,
మావయ్య