ఆ మాటలు ఎవరివో ముందు చూడు

చిట్టితల్లీ,

వచ్చే వారం నీకు బ్రిటిష్ లిటరేచర్ ఫైనల్ పరీక్ష అని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమెరికాలో పన్నెండో తరగతి చదివే నా మనవరాలు, నేను డిగ్రీలో చదివిన ఇంగ్లీషు కవులు చాసర్‌నీ మిల్టన్‌నీ చదువుతోందని ఎంత మురిసిపోయానో! అంతలోనే, పుస్తకాలు పక్కన పెట్టి ఫోనులో సారాంశాలు చూసుకుంటున్నావని కూడా చెప్పింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

కాలక్రమం ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో: పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్, 1400లో కన్నుమూసిన చాసర్, షేక్‌స్పియర్, 1667 నాటి మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్, 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి తెచ్చిన కవితల పుస్తకం లిరికల్ బ్యాలడ్స్. మేరీ షెల్లీ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది ఆ వికృతజీవి పేరు కాదు, దాన్ని సృష్టించినవాడిది. ఇవన్నీ నీకు తెలిసినవే.

డిగ్రీలో బ్రౌనింగ్ అనే కవి రాసిన 'మై లాస్ట్ డచెస్' పద్యం మాకు పాఠం. నేను పద్యం చదవలేదు. గైడులో ఉన్న నాలుగు పేజీలు తెల్లవార్లూ బట్టీపట్టి, మండే కళ్లతో అర్ధసంవత్సర పరీక్షకు వెళ్లాను. కొన్ని పంక్తులిచ్చి వివరించమన్నారు. చనిపోయిన భార్య బొమ్మ చూసి కవి కుమిలిపోతున్నాడని రెండు పేజీలు రాశాను. ఒక్క మార్కూ రాలేదు.

మా మాస్టారు కేకలేయలేదు. పుస్తకం చేతికిచ్చి పైకి చదవమన్నారు. మాట్లాడేది కవి కాదమ్మా, ఒక డ్యూక్, అంటే పెద్ద ప్రభువు. మళ్లీ పెళ్లి మాటలకు వచ్చిన దూతకు గోడ మీది తన చనిపోయిన భార్య బొమ్మ చూపిస్తున్నాడు. దాని మీది తెర తానొక్కడే తీస్తాడట. ఎవరో కోసి తెచ్చిన చెర్రీపళ్ల కొమ్మకూ, ఆమె ఎక్కి తిరిగే తెల్ల కంచరగాడిదకూ, అతడిచ్చిన తొమ్మిది వందల ఏళ్ల వంశనామానికీ ఆ పిల్ల ఒకేలా సంతోషించింది. ఆమె చేసిన నేరం అదే. "ఆజ్ఞలిచ్చాను, చిరునవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి" అంటాడు. చంపించానన్న మాట ఎక్కడా లేదు. అయినా ఆ పంక్తి దగ్గర నా చేతులు చల్లబడ్డాయి. అలాంటివాడి మీద జాలి కురిపించి రెండు పేజీలు రాశానే అని, ఆ పిల్లకు నేనూ అన్యాయం చేశాననిపించింది. పోయిన మార్కులు ఎప్పుడో మరిచిపోయాను. ఇది మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు.

అందుకే, పరీక్షలో ఏ పంక్తులిచ్చినా ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకున్నాకే కలం కదుపు. పేదల పసిపిల్లలను తినమని సలహా ఇచ్చే 1729 నాటి స్విఫ్ట్ వ్యాసం ఉంది చూడు, అక్కడా ఇదే ప్రమాదం. ఆ సలహా స్విఫ్ట్‌ది కాదు. ఐర్లండ్ పేదల గతి చూసి మండిపోయి అతడు కల్పించిన మనిషిది.

రోజుకు రెండు పద్యాలు పైకి చదువు. మాట తెలియలేదని మధ్యలో ఆగకు, చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి రా. రాత్రి పదకొండు దాటాక దీపం వెలుగుతోందని మీ అమ్మ చెబితే మాత్రం ఊరుకోను. నీవి అచ్చం నా కళ్లే, నిద్ర లేకపోతే ఓర్చుకోలేవు బంగారూ.

ఆదివారం ఫోను చేసి ఆ డ్యూక్ పద్యం నాకు చదివి వినిపించు. యాభై ఆరు పంక్తులే. మధ్యలో నేను మాట్లాడను.

అమ్మమ్మ