చలికాలంలో సైకిల్‌కి ఏమేం చేయాలి?

మంచు పడే చోట చలికాలమంతా సైకిల్ తొక్కాలంటే బండిని ఎలా సిద్ధం చేయాలని అడిగారు. నన్నడిగితే ముందు చైను సంగతి చూడాలి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తడితో కలిసి చైనుకు పట్టిందంటే, చూస్తుండగానే లింకుల మధ్య ఎర్రటి తుప్పు తేలుతుంది. ఇంటికి రాగానే పాత గుడ్డతో చైను పట్టుకుని, పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. గుడ్డకు నల్లటి మడ్డి అంటడం తగ్గాక, లింకుకో చుక్క చొప్పున తడికి నిలిచే చిక్కటి చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేయండి. ఎక్కువ పోస్తే మేలు కాదు, ఇసుకంతా దానికే అతుక్కుంటుంది.

చలికి టైర్లలో గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది. 20 డిగ్రీలున్న గదిలో 60 పీఎస్ఐ కొడితే, బయట సున్నా డిగ్రీల్లో సుమారు 55కి దిగుతుంది. మెత్తటి మంచులో కాస్త తక్కువ గాలే పట్టునిస్తుంది, కానీ టైరు మీద రాసిన కనీస అంకెకు కిందికి పోవద్దు. గడ్డకట్టిన నున్నటి మంచు మీద మాత్రం పైన చిన్న లోహపు మేకులు బిగించిన టైర్లే దిక్కు. రెండూ కొనలేకపోతే ముందు చక్రానికైనా వేయించండి. వెనకది జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే పడటమే!

మడ్‌గార్డులు తప్పనిసరి. చక్రం అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకులైతే తడిలో ఆలస్యంగా పడతాయి, దూరం నుంచే నొక్కడం మొదలుపెట్టండి. లైటు బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది. ఇంట్లోకి తెచ్చి, చల్లదనం పోయాకే ఛార్జింగ్ పెట్టండి.