అమెరికాలో ఆర్మీ చీఫ్‌కు యుద్ధం నడిపే అధికారం ఎందుకు ఉండదు?

అక్కడ ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌ల పని బలగాలను తయారుచేసి ఇవ్వడం. యుద్ధం నడిపేది ఆ ప్రాంతానికి నియమించిన, అన్ని దళాలూ తన కింద పనిచేసే ఉమ్మడి కమాండర్. ఆయనకు ఆదేశాలు అధ్యక్షుడి నుంచి రక్షణ మంత్రి ద్వారా నేరుగా వెళ్తాయి. ఈ పద్ధతిని గట్టిగా స్థిరపరచింది 1986 నాటి గోల్డ్‌వాటర్-నికోల్స్ చట్టం.

దీని వెనక చేదు అనుభవాలున్నాయి. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లోని అమెరికన్ బందీలను విడిపించే ఆపరేషన్‌నే తీసుకోండి. హెలికాప్టర్లు నేవీవి, పైలట్లలో ఎక్కువమంది మెరైన్లు, ఇంధనం తెచ్చిన విమానాలు ఎయిర్‌ఫోర్స్‌వి, కమాండోలు ఆర్మీవాళ్లు. అందరూ కలిసి పూర్తి రిహార్సల్ ఒక్కసారి కూడా చేయలేదు. కనీసం 6 హెలికాప్టర్లు కావాల్సిన చోట 5 మాత్రమే పనికొచ్చే స్థితిలో మిగిలాయి. దాంతో ఆపరేషన్ రద్దు చేశారు. వెనుదిరిగే హడావుడిలో ఒక హెలికాప్టర్ విమానాన్ని ఢీకొట్టి 8 మంది చనిపోయారు.

నన్నడిగితే ఆ చట్టంలో అసలు పదునంతా ప్రమోషన్ రూల్‌లోనే ఉంది. వేర్వేరు దళాలవాళ్లు కలిసి పనిచేసే ఉమ్మడి పోస్టింగ్‌లో పనిచేయని అధికారికి, కొన్ని మినహాయింపులు తప్ప, జనరల్ హోదా దక్కదు. అంతకుముందు చురుకైన అధికారులు అలాంటి పోస్టింగులంటేనే తప్పించుకునేవారు. 1991 గల్ఫ్ యుద్ధానికల్లా అక్కడి అమెరికా బలగాలన్నీ ఆ ప్రాంతపు ఉమ్మడి కమాండర్ జనరల్ ష్వార్జ్‌కాఫ్ ఒక్కరి కమాండ్ కిందే పోరాడాయి.