ట్యానింగ్ సెలూన్‌కి వెళ్లాలా, వద్దా?

ప్ర: మా అమ్మాయి షికాగోలో ఎం.ఎస్. చేస్తోంది. డిసెంబరులో రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 14 వచ్చింది. రూమ్మేట్లు వెళ్లే ట్యానింగ్ సెలూన్‌లో (దీపాల బెడ్ మీద పడుకోబెట్టి చర్మానికి రంగు తెచ్చే చోటు) నెల ప్యాకేజీ తీసుకుంటానంటోంది. ‘పది నిమిషాలేగా అమ్మా, మన ఆర్కే బీచ్ ఎండకన్నా ఎక్కువా? మనది చామనఛాయ, కాలదులే’ అంటోంది. సరేననమంటారా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జ: వద్దనే చెప్పండమ్మా. చర్మంలో విటమిన్ డి తయారయ్యేది అతినీలలోహిత కిరణాల్లో ‘బి’ రకం వల్ల. ట్యానింగ్ బెడ్ దీపాల నుంచి వచ్చేది చాలావరకు ‘ఎ’ రకం. అది రంగు మారుస్తుంది గానీ విటమిన్ తయారు చేయదు. దీపంలో ‘బి’ పాలు ఎంతో బెడ్డుకో తీరుగా ఉంటుంది కాబట్టి పది నిమిషాలకు ఎంత విటమిన్ వస్తుందో లెక్కకట్టడం కుదరదు.

విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, షికాగో దాదాపు 42 మీద. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సూర్యుడు బాగా వాలి ఉంటాడు. ‘బి’ కిరణాలు ఓజోన్ పొర దాటి నేలకు చేరేది నామమాత్రం. అక్కడి చలికాలంలో ఈ లోటు చాలామందికి వచ్చేదే, మందు కూడా తేలికే. 20 కన్నా తక్కువుంటే లోటు కింద లెక్క. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో రిపోర్టు చూపించి మాత్రలు రాయించుకోమనండి. మీరు ఇక్కడి నుంచి 60,000 యూనిట్ల సాషేలు పంపాలనుకుంటే ఒక్క జాగ్రత్త: అవి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలకు రాస్తారు. రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం మొదలై కిడ్నీల దాకా వస్తుంది. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది, సాషే మీద వారం పేరు రాసి పంపండి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ తర్వాత రోజుకు 600 యూనిట్లు చాలు.

ఇక ‘కాలదు’ అన్న మాట. చామనఛాయలో ఎర్రదనం కంటికి కనబడదు. కనబడలేదని నిమిషాలు పెంచుకుంటూ పోతారు. ‘ఎ’ కిరణాలు లోపలి పొరదాకా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను చెడగొడతాయి. మన చర్మంలో ముందు బయటపడేవి మంగు మచ్చలు, మొటిమల చోట మిగిలే నల్లమచ్చలు. మొటిమలకు డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటివి వాడుతుంటే కొద్ది నిమిషాలకే చర్మం కమిలిపోవచ్చు. కళ్లు మూసుకున్నా రెప్పలు ఈ కిరణాలను పూర్తిగా ఆపలేవు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ దీపాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముప్పై ఏళ్లలోపే వాడకం మొదలైతే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పు 75 శాతం ఎక్కువని చెప్పింది. ఆ లెక్కలు ఎక్కువగా తెల్లచర్మం వాళ్లవి. మనవాళ్లలో మెలనోమా అరుదే, దాచడం లేదు. కానీ లాభం లేని చోట చిన్న ముప్పు మాత్రం ఎందుకు? బ్రెజిల్ 2009లోనే ఈ సెలూన్లను నిషేధించింది, తర్వాత ఆస్ట్రేలియా కూడా.

చలికాలం దిగులు కూడా తోడైతే అడగవలసింది ట్యానింగ్ కాదు. అతినీలలోహిత కిరణాలు రాకుండా వడకట్టిన 10,000 లక్స్ (వెలుగు కొలత) దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చునే పద్ధతి ఉంది. డాక్టరును అడిగి మొదలుపెట్టమనండి.

ప్ర: బాడీబిల్డింగ్ పోటీ మూడు వారాల్లో ఉంది. స్టేజి రంగు కోసం ట్యానింగ్ బెడ్ వాడాలా, పూతా?
– గాజువాక

జ: పూతే. అందులో డీహెచ్ఏ అనే చక్కెర జాతి పదార్థం చర్మం పైన మృతకణాల పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగు తెస్తుంది. రంగు కొన్ని గంటల్లో తేలి అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది.

వారం ముందే మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. షేవింగ్ పూతకు ఒక రోజు ముందే ముగించి, స్క్రబ్‌తో రుద్ది కడుక్కోండి. ఆ రోజు లోషన్, నూనె, డియోడరెంట్ వద్దు. వాటి కింద రంగు పట్టదు. మోచేతులు, మోకాళ్లు, చీలమండల దగ్గర పొడిచర్మం రంగును ఎక్కువ పీల్చి నల్లగా మచ్చకడుతుంది, అక్కడ మాత్రం పలచగా మాయిశ్చరైజర్ రాయండి. అరచేతులు వెంటనే సబ్బుతో కడగాలి. స్ప్రే అయితే కళ్లకు గాగుల్స్, ముక్కుకు మాస్క్, పెదాలకు వ్యాజిలిన్ తప్పనిసరి. మన ఉక్కపోతే అసలు శత్రువు: చెమట పట్టిన చోట చారలు దిగుతాయి. ఏసీ గదిలో పూసుకుని, వదులు బట్టల్లో ఆరేడు గంటలు ఆగి, సబ్బు లేకుండా నీళ్లు పోసుకోండి. ఈ రంగు ఎండ నుంచి కాపాడదు, బయటికెళితే సన్‌స్క్రీన్ రాయాల్సిందే.

ప్ర: మావారికి సోరియాసిస్. డాక్టరుగారు లైట్ థెరపీ రాశారు. అదీ ఇలాంటిదేనా?
– సీతమ్మధార

జ: కాదు, ఆపకండి. అందులో వాడేది సాధారణంగా 311 నానోమీటర్ల దగ్గరి సన్నని ‘బి’ కిరణమే. మోతాదు డాక్టరు లెక్కగట్టి, వారానికి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా పెంచుతూ రాసుకుంటారు. గాగుల్స్ పెట్టుకోవాలి, జననాంగాలు కప్పుకోవాలి. వాడే మందులన్నీ ముందే చెప్పండి. ఊరెళ్లి వారం రెండు వారాలు మానేస్తే ఆ సంగతి టెక్నీషియన్‌కి తప్పక చెప్పాలి. పాత మోతాదే మళ్లీ ఇస్తే చర్మం కమిలిపోతుంది, తగ్గించి మొదలుపెట్టాలి.