సిగరెట్ మానేస్తున్న మేనల్లుడికి

చి. సుధీర్‌కు,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. "వాడు సిగరెట్ మానేస్తాడంట అన్నయ్యా" అని చెబుతూనే ఏడ్చేసింది. నాకూ గొంతు పూడుకుపోయింది. మీ తాతయ్య చుట్ట ఆయనతోపాటే కాటికి పోయింది. మీ పెద్దమామయ్య చివరి ఏడాది రెండు మెట్లెక్కి ఆగిపోవడం నువ్వు కళ్లారా చూశావు. ముప్పై నిండకుండా, ఎవరూ పోరకుండా, పెళ్లిలోపు మానేస్తానని తనంతట తాను అన్నవాడు మన ఇంటి మగపిల్లల్లో నువ్వే. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. సిగరెట్ బదులు, మీ ఫ్రెండ్ దుబాయ్ నుంచి డబ్బాల్లో తెచ్చే నికోటిన్ పౌచ్‌లు, అంటే నికోటిన్ నింపిన చిన్న సంచులు, పెదవి కింద పెట్టుకుంటావట. "చెడ్డది పొగేనమ్మా, నికోటిన్ ఒక్కటే అయితే కాఫీ లాంటిది, దానికి ఎవరూ బానిస కారు" అన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నువ్వన్నదాంట్లో సగం నిజం. క్యాన్సర్ తెచ్చేది పొగలోని తారు, దాంతో వచ్చే మిగతా విషాలు. రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమించేది కార్బన్ మోనాక్సైడ్. నికోటిన్ గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది గానీ, ఊపిరితిత్తుల్ని తినేసేది అది కాదు. కానీ మనిషిని ఆ పొగ దగ్గరికి రోజుకి ఇరవైసార్లు లాక్కెళ్లేది మాత్రం అదే. అమెరికాలో 1964లో ప్రభుత్వ వైద్యాధికారి పేరుతో వచ్చిన నివేదిక పొగతాగడాన్ని ఉత్త అలవాటు అంది. 1988లో అదే పదవి నుంచి వచ్చిన నివేదిక, వ్యసనం కలిగించే మందు నికోటినేనని తేల్చి చెప్పింది. ఆ తర్వాత కూడా, 1994లో, ఏడు సిగరెట్ కంపెనీల అధిపతులు అక్కడి చట్టసభ కమిటీ ముందు ప్రమాణం చేసి నికోటిన్ వ్యసనం కాదన్నారు. నువ్వు మీ అమ్మకి చెప్పిన మాట అదే నాన్నా. నీ నోట అది వినడం నాకు బాధగా ఉంది.

అమెరికా దాకా ఎందుకు, మీ అమ్మమ్మ లేదూ? ఆమె సిగరెట్టూ చుట్టా జన్మలో ముట్టలేదు. ఆమెది ముక్కుపొడి. బొడ్లో దోపుకున్న ఆ చిన్న రేకు డబ్బా నీకూ గుర్తుండే ఉంటుంది. 1977 నవంబరు తుఫానుకి మన ఊరికి దారులన్నీ తెగిపోయాయి. ఇంట్లో బియ్యం ఉన్నాయి, చింతపండు ఉంది, ముక్కుపొడి అయిపోయింది. రెండోరోజుకి ఆమె తలకి గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంది. మూడోరోజు తలపిన్నుతో డబ్బా అంచుల్లో అంటుకున్న పొడిని గీకి, వేలి కొనకి అద్దుకుని పీల్చింది. ఆ సాయంత్రమే, గ్లాసు కింద పడేసిందని మీ అమ్మని చెంప మీద కొట్టింది. పిల్లల మీద ఆమె చెయ్యి చేసుకోవడం నేను అదొక్కసారే చూశాను. అందులో పొగ ఎక్కడుంది చెప్పు?

మీ అమ్మనే ఇంకొకటి కూడా అడుగు. పదమూడేళ్లప్పుడు పొగాకు రెలుపులకి, అంటే ఆకు కోతకి వెళ్లి, మంచుకి తడిసిన ఆకు చంకలో పెట్టుకుని మోసి, మధ్యాహ్నానికి వాంతులు చేసుకుంటూ, ఆకు ఎండబెట్టే బ్యారన్ పక్కన పడిపోయింది. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పారు. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది నాకు. ఒక రోజు ఆకు మోస్తే ఎవరూ బానిస కారు. కానీ పొగతో పనిలేకుండానే అది ఒంట్లోకి వెళ్లగలదని తెలుసుకో.

ఇక నా సంగతి. ఇది మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. మీ సునీత వదినకి ఇప్పటికీ చెప్పలేదు.

నేను 1981లో బెంగళూరు పీణ్యలో పనికి వచ్చిన కొత్తలో సిగరెట్ మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా బడ్డీ కొట్టు, దానికి వేలాడే కొబ్బరి తాడు, తాడు చివర ఎప్పుడూ ఆరని నిప్పు. ఇరవై ఎనిమిదేళ్లు తాగి 2009లో మానేశాను. డాక్టర్ నికోటిన్ గమ్ రాశాడు. పన్నెండు వారాలు వాడండి, తగ్గించుకుంటూ ఆపేయండి అని స్పష్టంగా చెప్పాడు. గమ్ బాగా పనిచేసింది. సిగరెట్ మళ్లీ ముట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు. పన్నెండు వారాలు గడిచాయి, నేను ఆపలేదు. పొగ లేదు కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. నువ్విప్పుడు అంటున్న మాటే నేనూ అనుకున్నాను. అలా ఏడేళ్లు. రోజుకి పద్నాలుగు, పదహారు. రాత్రి దిండు కింద స్ట్రిప్, స్కూటర్ డిక్కీలో స్ట్రిప్, పూజగదిలో అగరొత్తుల డబ్బా వెనక ఒకటి.

2016 సెప్టెంబర్ 12, సోమవారం. తమిళనాడుతో కావేరి నీళ్ల గొడవలు. ఊళ్లో బస్సులు తగలబెడుతున్నారని మధ్యాహ్నం నుంచే టీవీలో చూపిస్తున్నారు. మీ అత్తయ్య ఎవరిదో పెళ్లికని ఒంగోలు వెళ్లింది. సునీత, అల్లుడు ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఆఫీసుల్లో చిక్కుకుపోయారు. నాలుగేళ్ల చిన్నిని నాకు అప్పగించి వెళ్లారు. సాయంత్రానికి మా రాజాజీనగర్‌లోనూ కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజే గమ్ అయిపోయింది.

ఏడింటికల్లా కూర్చోలేకపోయాను. ప్యాంటు జేబులన్నీ తిరగేశాను. పూజగదిలో వెతికాను. కిటికీ గట్టు మీద, పొద్దున నమిలి కాగితంలో చుట్టి పడేసిన ముద్ద కనబడింది. ఎండి రాయిలా ఉంది. దాన్ని నోట్లో వేసుకున్నాను సుధీర్. చప్పగా ఉంది, ఏమీ మిగల్లేదు అందులో. అయినా పావుగంట నమిలాను.

ఎనిమిదిన్నరకి చిన్ని నిద్రపోయింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని, బయట తాళం వేసి, సందుల్లోంచి బయల్దేరాను. నాకు తెలిసిన మందుల షాపతను షాపు పైనే ఉంటాడు. మెయిన్ రోడ్డు దాటబోతుంటే పోలీసులు ఆపారు. "మందు కోసం సార్, గుండె మందు" అని కన్నడలో అబద్ధం చెప్పాను. అరగంట అక్కడే నిలబెట్టి, తెల్లజుట్టు చూసి వదిలారు. షాపతను షట్టరు సగం ఎత్తి రెండు స్ట్రిప్‌లు ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి సందు మొదట్లోకే ఏడుపు వినబడింది. చిన్ని లేచింది. చీకట్లో కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి చాపి, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, "తాతా తాతా" అంటోంది. నేను గేటు దగ్గర ఆగాను. ఆగి ముందు స్ట్రిప్ చింపాను. గమ్ నోట్లో వేసుకున్నాకే తాళం తీశాను. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో. ఆ పది సెకన్లు ఆ పిల్ల ఏడుస్తూ నన్నే చూస్తోంది.

తప్పు గమ్‌ది కాదు. పన్నెండు వారాలన్న మాట వినని నాది. ఆ నెలలోనే నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మెదడులో నికోటిన్ వచ్చి కూర్చునే చోట్లు ఉంటాయి. అది కూర్చున్నప్పుడల్లా హాయినిచ్చే డోపమైన్ కొంచెం వదులుతుంది. రోజూ వచ్చే చుట్టాల కోసం పీటలు పెంచుకున్నట్టు, మెదడు ఆ చోట్లను పెంచుకుంటుంది. చుట్టం రాని రోజు ఆ ఖాళీ పీటలన్నీ ఒక్కసారే గోల పెడతాయి. చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, ఆకలి, నిద్రలేమి, అన్నీ అదే.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది, అది నీకు ముఖ్యం. నికోటిన్ ఎంత త్వరగా మెదడుకి చేరితే అంత గట్టిగా పట్టుకుంటుంది. సిగరెట్ పొగలో పది ఇరవై సెకన్లలో చేరుతుంది. పైగా పొగలో ఉండే వేరే పదార్థాలు కొన్ని దాని పట్టుని ఇంకా బిగిస్తాయి. గమ్‌లో నెమ్మదిగా అరగంట పడుతుంది. చర్మానికి అంటించుకునే ప్యాచ్‌లో కొన్ని గంటలు. అందుకే ప్యాచ్‌కీ గమ్‌కీ బానిసయ్యేవాళ్లు తక్కువ, సిగరెట్‌కి అయ్యేవాళ్లు ఎక్కువ. తక్కువ అంటే అసలు ఉండరని కాదు. నేనున్నాను.

కాబట్టి నా కథ విని భయపడి, గమ్ కూడా వద్దని మొండికేసి, నాలుగోరోజు మారతహళ్లిలో మీ ఆఫీసు పక్క సిగరెట్లమ్మే కాండిమెంట్స్ షాపు ముందు నిలబడకు. అది నేను చేసినదానికంటే పెద్ద తప్పు. ఏడాదంతా గమ్ నమిలినా సిగరెట్ కంటే ఎంతో నయం. మందులా వాడు. ఆ పౌచ్ డబ్బాలు మాత్రం వద్దు నాన్నా. వాటి మీద ఎన్ని వారాలు వాడాలో, ఎలా తగ్గించాలో ఎవరూ రాయరు. ఎక్కువ డోసువీ ఉంటాయి. మీటింగులో కూర్చున్నా పెదవి కింద ఎవరికీ కనబడదు. నాకు భయం అక్కడే. కనబడనిదాన్ని ఎవరు ఆపమంటారు నిన్ను?

మన మందుల షాపుల్లో రెండు మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. నిద్రలేచిన అరగంటలోపే నీకు మొదటి సిగరెట్ కావాల్సి వస్తుంటే డాక్టర్‌ని కలువు, నాలుగు మిల్లీగ్రాములది రాస్తారేమో. మామూలు చూయింగ్ గమ్‌లా నమలకు. నెమ్మదిగా నమిలి, నాలుక మీద కారంగా చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టు. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలు. అలా అరగంట. కాఫీ తాగిన పావుగంట దాకా వేసుకోకు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి పట్టదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి. ఈ చివరి మూడు వారాలనే నేను ఎగ్గొట్టాను.

కాఫీ అంటే గుర్తొచ్చింది. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని త్వరగా అరగదీస్తుంది. మానేశాక అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. గుండె దడ, చేతుల వణుకు వస్తే అది నికోటిన్ లేక అనుకుని కంగారుపడతావు. నువ్వు రోజుకి ఐదు తాగుతావని నాకు తెలుసు. బై టూ చెప్పు, సగమే తాగు.

లైటర్ పారెయ్యి. రూమ్‌మేట్స్‌కి చెప్పు. నీళ్లు తాగు. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం పెట్టిన 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. గమ్ ఎక్కడున్నా చిన్నపిల్లల చేతికి అందకుండా పెట్టు. మధ్యలో ఒక సిగరెట్ తాగేస్తే దాచకు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టు. ఆ విషయంలో నిన్ను పల్లెత్తు మాట అనను.

ఆదివారం గ్రీన్ లైన్ ఎక్కి రాజాజీనగర్‌లో దిగు, నేను స్టేషన్‌కి వస్తాను. ఆ డబ్బాలు ఉంటే తీసుకురా. మీ అత్తయ్య గోంగూర పప్పు చేస్తానంది. తెలుగు క్యాలెండర్ ఒకటి తీసిపెట్టాను, పన్నెండు వారాలు నీ చేత్తోనే గీతలు గీద్దువుగాని. ఆఖరి తేదీకి మాత్రం నేను ఎర్ర సిరాతో సున్నా చుడతాను. పెళ్లికి ఇంకా వారం ఉండగానే వస్తుంది, లెక్క చూశాను.

రెండోరోజు, మూడోరోజు అన్నిటికంటే కష్టంగా ఉంటాయి. ఆ రాత్రులు ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటాను. ఎన్నింటికైనా చెయ్యి.

ఇట్లు
మీ రాజాజీనగర్ మామయ్య